నేటాల్ చెఱకు తోటలలో తెలుగు క్రిస్మస్



మనకు క్రిస్మస్ అనగా డిసెంబరు చలి, తెల్లవారుజామున మంచులో ఇంటింటికి సాగు పాటల బృందములు, ముంగిట వ్రేలాడు కాగితపు నక్షత్రము, క్రొత్త బట్టలు, అరిసెలు. ఈ పండుగను సముద్రము దాటించి కొనిపోయిన తెలుగువారిని ఈ శతాబ్ది సంచికలో స్మరించుట యుక్తమని తలంచుచున్నాము.

1860 నవంబరు 16న 'ట్రూరో' అను ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరినది. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెఱకు తోటలకు మనవారిని ఐదేండ్ల ఒప్పందముపై తీసికొనిపోవుట అట్లు ఆరంభమై 1911 వరకు సాగినది. మొత్తము 1,52,184 మంది వెళ్లిరి. వారిలో ఎక్కువమంది మద్రాసు రాజధానికి చెందిన తమిళులు, తెలుగువారు. అనుమతి చీటీ లేక తోట విడిచి పోరాదు. గడువు తీరిన పిదప తిరిగి ఒప్పందము చేసికొనక, స్వదేశమునకును మరలక అక్కడనే నిలిచినవారిపై 1895 చట్టము ఏటేటా 3 పౌనుల పన్ను విధించెను. అది 1914లో గాని రద్దు కాలేదు.

క్రైస్తవులు వారిలో బహు కొద్దిమంది. భూగోళపు దక్షిణార్ధములో డిసెంబరు నడివేసవి. చలిలేదు, మంచులేదు, సంవత్సరములో మిక్కిలి దీర్ఘమైన పగళ్లు అప్పుడే. తోట యజమానుల ఆరాధన ఇంగ్లీషులో. కాలము మారి, భాష మారి, బంధువులు దూరమైన చోట పండుగలో మిగులునది ఏమి? ప్రభువు జననము ఒక్కటే. అయితే దానిని తమ భాషలో చెప్పు కాపరి వారికి కావలసియుండెను.

ఆ కాపరి 1903లో నెల్లూరు ప్రాంతము నుండి వెళ్లెను. ఆయన రెవరెండ్ జాన్ రంగయ్యగారు. పంపినది పాశ్చాత్య మిషను కాదు, తెలుగు బాప్టిస్టుల స్వంత హోమ్ మిషనరీ సొసైటీ. ఆ డిసెంబరు నెలాఖరున, క్రిస్మస్ దినములలోనే, కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘము స్థాపితమాయెను. 1915లో మరణించువరకు రంగయ్యగారు అక్కడనే సేవచేసిరి.

ఇందొక విశేషము గమనింతము. 1840లో నెల్లూరులో మిషను నెలకొల్పిన అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు మన మధ్య పరదేశిగా శుభవార్తను చాటిరి. అరువదిమూడేండ్లకు అదే నెల్లూరు సీమవారు మరియొక దేశమున పరదేశియై అదే శుభవార్తను చాటిరి. పుచ్చుకొన్న సంఘము ఇచ్చు సంఘమాయెను. శాఖ ఏదైనను ఇది తెలుగు క్రైస్తవులందరి ఆస్తి.

నేడు ఆ కూలీల మునిమనుమల ఇండ్లలో సాధారణముగా ఇంగ్లీషే వినబడును. భాష జారినను, నాడు తమ భాషలో వినిన విశ్వాసము తరములు దాటినది. మరి మన పట్టణములలో భవనములు కట్టుచున్న ఒడిశా, జార్ఖండ్ కూలీలలోను క్రైస్తవులున్నారు. మన గుడి గోడ ప్రక్కనే రేకుల షెడ్డులో వారి క్రిస్మస్ ఎట్లు గడచుచున్నది? గల్ఫులోని మన బిడ్డలకు ఎవరైన తలుపు తీయవలెనని ప్రార్థించు మనము, మన తలుపు ముందుగా తీయుదము. పుట్టిన కొలది కాలమునకే ఐగుప్తులో పరదేశియైన ప్రభువు పండుగ గదా యిది!