బిల్డర్ వెళ్లిపోయాక

లండన్‌లోని లీసెస్టర్ స్క్వేర్ తోటను 1808లో చార్లెస్ టల్క్ అమ్మేశాడు. అమ్మేటప్పుడు ఒక షరతు రాయించాడు: కొన్నవారూ, వారి తర్వాతివారూ దాన్ని తోటగానే ఉంచాలి, బాగోగులు చూడాలి, కట్టడాలు లేపకూడదు. చేతులు మారి అది మోక్సే అనే ఆయనకు చేరింది. షరతు తెలిసే కొన్న మోక్సే అక్కడ కట్టడానికి సిద్ధపడితే, 1848లో కోర్టు ఆపింది. తెలిసి కొన్నవాడు మాటకు కట్టుబడాల్సిందేనంది.

నివాస సంఘాల చట్టానికి ఈ తీర్పు పునాదిరాయి. కానీ తీర్పు తర్వాత జరిగినది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. పాతికేళ్లు తిరిగేసరికి ఆ తోట పాడుబడి చెత్తకుప్పయింది. 1874లో ఆల్బర్ట్ గ్రాంట్ అనే ధనికుడు దాన్ని కొని, బాగుచేయించి, ప్రజలకు ఇచ్చేశాడు. కట్టకుండా ఆపగలిగిన చట్టం, ఖర్చుపెట్టి చూసుకొమ్మని ఎవరినీ నిలదీయలేకపోయింది. అలాంటి బాధ్యత తర్వాత కొన్నవారికి అంటదని 1881లో ఇంగ్లండ్ కోర్టు తేల్చేసింది కూడా.

ఈ లోటును పూడ్చినది అమెరికా. న్యూయార్క్ గ్రామర్సీ పార్కును 1831లోనే శామ్యూల్ రగిల్స్ ట్రస్టీల పేర రాసి, దాని ఖర్చును చుట్టూ ఉన్న ప్లాట్ల యజమానులపై పెట్టాడు. అసలు మలుపు మాత్రం 1938లో వచ్చింది. న్యూయార్క్ నగరంలోనే క్వీన్స్‌లోని నెపాన్‌సిట్ లేఅవుట్‌లో రోడ్లు, పార్కులు, సముద్రతీరం చూసుకోవడానికి ఒక్కో ప్లాటుపై ఏడాదికి గరిష్ఠంగా 4 డాలర్లు వసూలు చేయాలని దస్తావేజుల్లో ఉంది. వేలంలో ప్లాటు దక్కించుకున్న బ్యాంకు, మేమెందుకు కట్టాలని అడ్డం తిరిగింది. వసూలు చేసే సంఘానికి అక్కడ గజం సొంత స్థలం కూడా లేదని వాదించింది. అయినా యజమానులందరి తరఫున సంఘం వసూలు చేసుకోవచ్చని న్యూయార్క్ అత్యున్నత కోర్టు తీర్పిచ్చింది. మెయింటెనెన్స్ బకాయి ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుందన్న సూత్రం అప్పుడు స్థిరపడింది.

ఆ సూత్రం విలువ తెలియాలంటే ఒకే కంపెనీ కట్టిన రెండు కాలనీలను పక్కపక్కన చూడాలి. సిటీ హౌసింగ్ కార్పొరేషన్ 1924లో క్వీన్స్‌లో సన్నీసైడ్ గార్డెన్స్ మొదలుపెట్టింది. ఇళ్ల వెనక ఉమ్మడి తోటలు, వాటికి 40 ఏళ్ల ఒప్పందం. 1960లలో గడువు తీరగానే కొందరు కంచెలు వేసుకున్నారు. ఉమ్మడి తోటలు ముక్కలయ్యాయి. అదే కంపెనీ 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ కట్టింది. క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ గీసిన ప్లానులో ఇళ్లు పార్కులవైపు తిరిగి ఉంటాయి. రోడ్డు దాటే పని లేకుండా నడవడానికి కింద దారి ఉంటుంది. 25 వేల మందికి అనుకున్న ఊరు ఆర్థిక మాంద్యం వల్ల కొన్ని వందల ఇళ్లతో ఆగింది. కంపెనీ దివాలా తీసింది. పార్కులు మాత్రం నిలిచాయి, ఎందుకంటే చార్లెస్ ఆషర్ అనే న్యాయవాది ముందే రాడ్‌బర్న్ అసోసియేషన్‌ను ఏర్పరచి, స్థలాన్నీ చందా వసూలు చేసే హక్కునూ దానికి అప్పగించాడు.

ఇదే దస్తావేజు షరతును ఘోరమైన పనికీ వాడారు. నల్లజాతివారికి ఇల్లు అమ్మకూడదని ఎన్నో నగరాల్లో రాసుకున్నారు. వాటిని అమలు చేయించడానికే యజమానుల సంఘాలు పూనుకున్నాయి. 1945లో సెయింట్ లూయిస్‌లో ఇల్లు కొన్న షెల్లీ కుటుంబాన్ని వెళ్లగొట్టాలని ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1968 చట్టం ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షనే నిషేధించింది. సంఘం గొప్పతనం చెప్పేవారు ఈ అధ్యాయాన్ని దాటవేయకూడదు.

అమెరికాలో 1964లో సుమారు 500 ఉన్న ఇలాంటి సంఘాలు ఇప్పుడు మూడున్నర లక్షలు దాటాయి. పార్కులు, వీధుల ఖర్చు తగ్గుతుందని మున్సిపాలిటీలూ ప్రోత్సహించాయి. అయితే చందా కట్టే అందరికీ ఓటు ఉండేది కాదు. రాడ్‌బర్న్‌లోనే ట్రస్టీల బోర్డు తమ వారసులను తామే ప్రతిపాదించుకునేది. చాలామంది యజమానులు సభ్యులే కారు. నివాసులు ఏళ్లతరబడి పోరాడాక, 2017లో న్యూజెర్సీ ప్రతి యజమానికీ సభ్యత్వం, ఓటు, పోటీ చేసే హక్కు ఇస్తూ చట్టం చేసింది. దాన్ని రాడ్‌బర్న్ చట్టమనే పిలుస్తారు. అసోసియేషన్ ఉన్న కాలనీల్లో ఇల్లు కొనుక్కున్న అక్కడి తెలుగు కుటుంబాలకూ ఆ హక్కు ఉంది.

మన దగ్గర 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) సంఘం ఏర్పడేలా చూసే పనిని బిల్డర్‌కే అప్పజెప్పింది. స్థానిక చట్టం వేరే గడువు పెట్టకపోతే, సగానికి పైగా యూనిట్లు బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా చూడాలి. ఉమ్మడి స్థలాల హక్కును ఆ సంఘానికి రాసివ్వాలి. అందుకే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్త గేటెడ్ కమ్యూనిటీలో చేరినవాళ్లు మొదటి జనరల్ బాడీకి తప్పక వెళ్లాలి. ఉమ్మడి స్థలాలు సంఘం పేర రిజిస్టర్ అయ్యాయా, కార్పస్ ఫండ్ బిల్డర్ ఖాతా దాటి సంఘం ఖాతాకు వచ్చిందా, లిఫ్టులవీ మురుగునీటి శుద్ధి ప్లాంటువీ కాగితాలు చేతికందాయా అని అక్కడే, అందరి ముందూ అడగాలి.