పని ప్రదేశంలో ప్రమాదాలు – కార్మికుల పరిహార హక్కు

విధి నిర్వహణలో గాయపడిన కార్మికునికి, మరణించిన కార్మికునిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు యజమాని నుండి నష్టపరిహారం పొందే హక్కును చట్టం కల్పించినది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం 2010 జనవరి 18 నుండి ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి–2020లోని ఏడవ అధ్యాయంలో ఈ అంశాలు పొందుపరచబడినవి.

ఎవరు అర్హులు?

ప్రమాదం ఉద్యోగం కారణంగా, విధి నిర్వహణ సమయంలో జరిగినదై ఉండాలి. ఇంటి నుండి పనికి వెళ్ళి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాలకు కూడా, ఉద్యోగంతో సంబంధం రుజువైన పక్షంలో, స్మృతి వర్తిస్తుంది. సిలికోసిస్ వంటి వృత్తి సంబంధ వ్యాధులు సైతం గాయాలుగానే పరిగణించబడతాయి. కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి ప్రధాన యజమాని పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనవచ్చును. ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికులకు ఆ సంస్థ ద్వారానే ప్రయోజనాలు అందుతాయి.

మినహాయింపులు

మూడు రోజులకు మించని అశక్తతకు పరిహారం వర్తించదు. మద్యం లేదా మత్తు పదార్థాల ప్రభావంలో ఉండుట, భద్రతా నియమాలను ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించుట, రక్షణ పరికరాలను కావాలని తొలగించుట వలన కలిగిన గాయాలకు యజమాని బాధ్యుడు కాడు. అయితే మరణం లేదా శాశ్వత సంపూర్ణ అంగవైకల్యం సంభవించినపుడు ఈ కారణాలు చూపి పరిహారం నిరాకరించుటకు వీలులేదు.

పరిహారం లెక్కింపు

మరణించిన సందర్భంలో నెలసరి వేతనంలో 50 శాతాన్ని, శాశ్వత సంపూర్ణ అంగవైకల్యం కలిగినపుడు 60 శాతాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే వేతన పరిమితి 2020 జనవరిలో 8,000 రూపాయల నుండి 15,000 రూపాయలకు పెంచబడినది. ఉదాహరణకు 15,000 రూపాయల వేతనం గల 30 ఏళ్ళ కార్మికుడు మరణిస్తే, 7,500ను 207.98తో హెచ్చించగా 15,59,850 రూపాయలు వస్తుంది. పాక్షిక అంగవైకల్యానికి కోల్పోయిన సంపాదనా సామర్థ్యం మేరకు చెల్లించాలి. తాత్కాలిక అశక్తతకు పదిహేను రోజులకొకసారి నెల వేతనంలో 25 శాతం ఇవ్వాలి. గాయాల చికిత్సకు అయిన వాస్తవ వైద్య ఖర్చులను కూడా యజమాని భరించాలి.

చెల్లింపు విధానం

మరణానికి సంబంధించిన పరిహారాన్ని సమర్థాధికారి వద్దనే జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చిన సొమ్ము పరిహారపు చెల్లింపుగా చెల్లదు. మూడు నెలల వేతనం మేరకు అడ్వాన్సు ఇచ్చుటకు మాత్రమే యజమానికి వెసులుబాటు కలదు. చెల్లించవలసిన నాటి నుండి నెల దాటినా చెల్లించని యజమానిపై వడ్డీ విధించబడుతుంది. జాప్యానికి సరైన కారణం లేనట్లయితే, బకాయిలో 50 శాతానికి మించని అదనపు మొత్తం కూడా చెల్లించవలసి ఉంటుంది.

ప్రమాద సమాచారాన్ని వీలైనంత త్వరగా యజమానికి తెలిపి, రెండేళ్ళలోగా సమర్థాధికారికి క్లెయిము దాఖలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపినచో అధికారి క్లెయిమును స్వీకరించవచ్చును.