పన్నెండు దినముల ఎడము

మతద్వేషమును, జాతిద్వేషమును ఆయుధములుగా ధరించిన దళమొకటి రాజ్యమున తలయెత్తినపుడు పాలకులేమి చేయవలెను? ఈ ప్రశ్నపై వివేకవంతులలోనే ఏకాభిప్రాయము కుదురదు. బుజ్జగించి దారికి తెచ్చుకొనవలెనని కొందరందురు. ఓర్చుకొన్నచో తమంత తామే అణగిపోవుదురని మరికొందరి నమ్మిక. మొలకగా నున్నపుడే త్రుంచివేయవలెనని ఇంకకొందరి వాదము. 1933 జనవరిలో జర్మనీయందలి సంప్రదాయ నాయకులు హిట్లరును ప్రధానపదవిలో కూర్చుండబెట్టి, అతనిని తమ చెప్పుచేతలలో నుంచుకొనగలమని తలంచిరి. కొలది మాసములలోనే వారు అతని చెప్పుచేతలలోనికి పోయిరి. ఆ కథ లోకమెరిగినది. హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరములలో 1938 మొదలు 1948 వరకు ఇట్టి వివాదమే మన కన్నుల ముంగిట నడచెను. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

1941 జనాభా లెక్కల ప్రకారము హైదరాబాదు సంస్థానమున ఒక కోటి 63 లక్షల జనులుండిరి. వారిలో ముస్లిములు నూటికి సుమారు 13 మంది. ప్రభుత్వోద్యోగములలోను, పోలీసులోను, సైన్యములోను మాత్రము వారి సంఖ్య దీనికి ఎన్నో రెట్లు హెచ్చు. అయినను పల్లెలోని ముస్లిము రైతునకు గాని, పట్టణములోని నేతగానికి గాని, టాంగా తోలువానికి గాని ఆ వైభవములో భాగము దక్కలేదు. 1927లో స్థాపింపబడిన మజ్లిసె ఇత్తెహాదుల్ ముసల్మీన్ సంస్థ, బహదూర్ యార్ జంగు నాయకత్వమున, ‘అనల్ మాలిక్’ అను సిద్ధాంతమును ప్రచారము చేసెను. రాజ్యాధికారము నిజాము ఒక్కనియందే గాక, సంస్థానములోని ప్రతి ముస్లిమునందును కలదని దాని తాత్పర్యము. ఏమియు లేని పేదకు తానును ప్రభువునేయన్న మాట మధురముగా వినిపించును. కాని పుట్టుకచేతనే ఒకడు పాలకుడు, ఒకడు పాలితుడు అగుననెడి భావమునకును జాతిద్వేషమునకును నడుమ గోడ చాల పలుచన.

ఈ భావమునెట్లు ఎదుర్కొనవలెనన్న విషయమున మొదటి భేదాభిప్రాయము ప్రజాపక్షమునందే పుట్టెను. 1938 సెప్టెంబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఇంకను రూపుదాల్చకమునుపే మతసంస్థయను నెపమున నిషేధింపబడెను. అక్టోబరు 24వ తేదీన స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహము మొదలాయెను. సుమారుగా అదే కాలమున ఆర్యసమాజము, హిందూ మహాసభ వారును వేరుగా సత్యాగ్రహములు సాగించిరి. మతస్వాతంత్ర్యము కొరకు జరుగు పోరాటమును, బాధ్యతాయుత ప్రభుత్వము కొరకు జరుగు పోరాటమును జనుల కన్నులకు ఒక్కటిగా కనిపింపసాగెను. ప్రభుత్వము చేసిన నిందకు అది ఊతమాయెను. అందుచేత సత్యాగ్రహమును ఆపివేయుడని గాంధీ మహాత్ముడు సలహా యిచ్చెను. డిసెంబరు 24వ తేదీన అది ఆగిపోయెను. చెరసాలలకు పోవుటకు సిద్ధపడిన యువకులకు ఈ నిర్ణయము మింగుడుపడలేదు. ఊపు మీద నున్న ఉద్యమమును ఆపుట ఓటమి యనిరి. ఒక మతోన్మాదమును మరియొక మత నినాదముతో ఎదుర్కొన్నచో గెలుపెవరిదైనను సామాన్యుడు నష్టపోవునని గాంధీజీ అభిప్రాయము. స్వామి రామానందతీర్థ మొదలగువారు కష్టముతోనే ఆ సలహాను శిరసావహించిరి. స్టేట్ కాంగ్రెసుపై నిషేధము 1946 వరకును తొలగలేదు.

ఆ 1946లోనే మజ్లిసుకు లాతూరు వకీలు కాసిం రజ్వీ అధ్యక్షుడాయెను. బహదూర్ యార్ జంగు 1944లో మరణించియుండెను. రజ్వీ చేతిలో రజాకార్లు, అనగా స్వచ్ఛంద సేవకులు, కవాతు చేయు సేనగా మారిరి. ఇదే సంవత్సరము దివానుగా వచ్చిన సర్ మీర్జా ఇస్మాయిలు భారత ప్రభుత్వముతో సామరస్యమును కోరినవాడు. మజ్లిసు వారు అతనిని నిలువనీయలేదు. ఏడాది తిరుగకుండగనే, 1947లో, అతడు వెడలిపోయెను. నిజాము తన దివానును కాపాడుటకు పూనుకొనలేదు. రజాకార్ల గర్జన ఢిల్లీతో బేరమాడుటకు పనికివచ్చునని ఆ ప్రభువు తలంచెను. తన చేతిలోని గొలుసు బిగువుగానే యున్నదని ఆయన నమ్మిక.

ఆ గొలుసు ఎవరి చేతిలో నున్నదో 1947 అక్టోబరు 27వ తేదీ తెల్లవారుజామున తేలిపోయెను. భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక చేసికొనుటకు నిజాము కార్యనిర్వాహక మండలి అధికసంఖ్యాకుల వోటుతో అంగీకరించియుండెను. చత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహమ్మదు ఆ పత్రముతో ఢిల్లీకి బయలుదేరవలసియుండెను. వేలకొలది జనము వారి యిండ్లను చుట్టుముట్టి కదలనీయలేదు. ఒక రాజ్యపు ప్రధాని తన యింటి గడప దాటలేకపోయెను. అపుడు నిజాము చేయదగిన పని యొక్కటే. గుమిగూడిన మూకను చెదరగొట్టి, దానిని నడిపించినవారిని నిర్బంధించుటకు ఆజ్ఞ యీయవలెను. అప్పటికి పోలీసును, సైన్యమును ఆయన మాట వినుచునే యుండెను. ఆయన ఆజ్ఞ యీయలేదు. పైగా ఆ రాయబారమునే మార్చివేసెను. చత్తారీ నవాబు రాజీనామా చేసెను. నవంబరు 29వ తేదీన ఒడంబడిక జరిగినది గాని, ప్రధాని పదవి మాత్రము మజ్లిసుకు ఇష్టుడైన మీర్ లాయక్ అలీకి దక్కెను.

ఇచట సికిందరాబాదు కథలోనికి వచ్చును. 1806లో సికందర్ జా పేర వెలసిన ఈ కంటోన్మెంటు నూరేండ్లకు పైగా బ్రిటిషు పటాలములకు నెలవు. స్వాతంత్ర్యము వచ్చునాటికి ఇచట భారతసేనలుండెను. యథాతథపు ఒడంబడికను అనుసరించి అవి 1948 తొలి మాసములలో వెడలిపోయెను. భారత ప్రభుత్వ ఏజెంటు జనరలుగా వచ్చిన కె. ఎం. మున్షీ బొల్లారములో విడిదిచేసి, రక్షణ లేక సరిహద్దులు దాటి పోవుచున్న జనుల మొరలను ఢిల్లీకి నివేదించుచుండెను. బెజవాడకును, షోలాపురమునకును చేరిన కాందిశీకులు చెప్పిన వృత్తాంతములు ఆ మొరలకు సాక్ష్యములు.

ఢిల్లీలోను ఒకే మాట లేదు. లార్డ్ మౌంట్‌బాటెన్ ఓరిమినే బోధించుచు, 1948 జూన్ నెలలో సంస్థానమునకు ఎంతయో అనుకూలమైన షరతులతో రాజీపత్రమును సిద్ధపరచెను. నిజాము దానినికూడ కాదనెను. సర్దార్ పటేలు అభిప్రాయము వేరు. ఆలస్యమైనకొలది రోగము ముదురునని, ఆయుధమెత్తినవానితో సంప్రదింపులు వానికి వ్యవధి నిచ్చుటకే పనికివచ్చునని ఆయన వాదము. ప్రధాని నెహ్రూ రజాకార్లను ఏవగించుకొన్నవాడే. అయినను సైన్యము కదలినచో దేశమంతటను మతకలహములు చెలరేగునేమోయని ఆయన సంకోచించెను. పటేలుది కాఠిన్యమని, నెహ్రూది మెతకదనమని నేటికిని తీర్పులు చెప్పువారు కలరు. తరువాతి సంఘటనలను చూచినచో ఇద్దరి భయములును నిజములేయని తెలియును.

సంస్థానములోపల నుండియు కొన్ని గొంతులు లేచెను. లాయక్ అలీ మంత్రివర్గములోని జె. వి. జోషి మరాఠ్వాడా జిల్లాలను చూచివచ్చి, రజాకార్ల దురంతములకు తాను సాక్షినని చెప్పి పదవిని వదలుకొనెను. 1948 ఆగస్టు 13వ తేదీన ఏడుగురు ముస్లిము ప్రముఖులు తమ పేర్లు పెట్టి ఒక ప్రకటన చేసిరి. రజాకారు దళమును రద్దుచేయవలెనని, సంస్థానము భారతదేశమున చేరవలెనని అందు కోరిరి. వారిలో బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా మొదలగువారు కలరు. బాకర్ అలీ మీర్జా తరువాతి కాలమున, 1967లో, సికిందరాబాదు నుండియే లోక్‌సభకు ఎన్నికయ్యెను.

ఈ గొంతులకు పత్రికలో చోటిచ్చినవాడు ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. మజ్లిసు నాయకులు బహిరంగసభలలో తమకు ఎదురు తిరుగు చేతులను నరికెదమని హెచ్చరించుచుండిన దినములవి. ఆగస్టు 21వ తేదీ రాత్రి కాచిగూడలోని కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగా అతనిని కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. తెల్లవారులోగా అతడు మరణించెను. ముప్పది యేండ్లయినను నిండని ప్రాయము. ఆ వారములోనే, ఆగస్టు 27న, భైరాన్‌పల్లి గ్రామముపై రజాకార్లును పోలీసులును పడి గ్రామస్థులను వరుసగా నిలిపి కాల్చిరి.

ఇక తిథులను జాగ్రత్తగా గమనింపవలెను. ఆగస్టు 31న గవర్నరు జనరలు రాజగోపాలాచారి నిజామునకు లేఖ వ్రాసెను. అందులో కోరినవి రెండే. రజాకార్లను నిషేధింపుడు. జనులకు ధైర్యము కలుగుటకు భారతసేనలను మరల సికిందరాబాదునకు రానిండు. సెప్టెంబరు 5వ తేదీన నిజాము రెండింటిని తిరస్కరించెను. 7వ తేదీన నెహ్రూ శాసనసభలో అదే కోరికను ప్రకటించెను. 13వ తేదీ వేకువను మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నాయకత్వమున సేనలు షోలాపురపు దారిని కదలెను. బెజవాడ వైపు నుండి మరియొక సేన సూర్యాపేట దారి పట్టెను. 17వ తేదీన లాయక్ అలీ మంత్రివర్గము రాజీనామా చేసెను. ఆ సాయంకాలము నిజాము దక్కన్ రేడియోలో తన ప్రజలనుద్దేశించి మాటలాడెను. రజాకార్లను నిషేధించితిమనియు, భారతసేనలు బొల్లారము, సికిందరాబాదులకు వచ్చుటకు ఆక్షేపణ లేదనియు చెప్పెను. 5వ తేదీన కాదన్నదానినే 17వ తేదీన ఔననెను. నడుమ పన్నెండు దినములు.

23వ తేదీన నిజాము మరల రేడియోలో ప్రసంగించి, ఒక చిన్న ముఠా హిట్లరు పద్ధతులతో రాజ్యమును చేజిక్కించుకొని తనను నిస్సహాయుని చేసెనని వివరించెను. రేడియోలో పనిచేయు మాకు ఈ ప్రసంగములు ఒక విధముగా మా యింటి చరిత్రలోనివి. అదే దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. ఆనాటి మాటలను తలచినపుడెల్ల మాకొక సందేహము పొడమును. నిస్సహాయత ఒక్క దినమున కలుగునది కాదు. 1947 అక్టోబరు 27వ తేదీన ఆయనకు సహాయమున్నది. సాయుధసేన యున్నది, వోటు వేసిన మండలి యున్నది, తన గౌరవమున్నది. వానిని వినియోగింపకుండుటయే తరువాతి నిస్సహాయతకు మూలము.

పటేలు చెప్పినట్లు బలప్రయోగము అయిదు దినములలో రజాకార్ల ప్రాబల్యమును తుదముట్టించెను. నెహ్రూ భయపడినదియు అంతటితో తప్పిపోలేదు. సేనలు వచ్చిన పిమ్మట ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై ప్రతీకారము చెలరేగెను. రజాకారు ముఖమైనను చూడని రైతులును, నేతగాండ్రును అందులో బలియైరి. నెహ్రూ ప్రభుత్వము పండిత సుందర్‌లాలు, ఖాజీ అబ్దుల్ గఫారు, మౌలానా అబ్దుల్లా మిస్రీలను విచారణకు పంపెను. 1948 నవంబరు, డిసెంబరు మాసములలో వారు జిల్లాలు తిరిగి, హతులైనవారు 27,000 నుండి 40,000 వరకు నుందురని అంచనా వేసిరి. సర్దార్ పటేలు ఆ నివేదికను ఒప్పుకొనలేదు. రజాకార్ల అత్యాచారములను అది సరిగా తూచలేదని ఆయన ఆక్షేపణ. ఆ నివేదిక దశాబ్దములతరబడి ప్రజల కంటబడలేదు. గాయమును కప్పి యుంచినచో మానునని ఒక పక్షము, చూపి కడిగిననే మానునని మరియొక పక్షము వాదించుట ఇచటను కనిపించును.

దళమును నడిపించిన కాసిం రజ్వీ న్యాయస్థానమున శిక్షపడి, 1957లో విడుదలయై పాకిస్తానమునకు పోయెను. వానిని నమ్మిన పేదలకు పోవుటకు వేరు చోటు లేదు. ఆ మూల్యమును వారు ఊళ్లలోనే చెల్లించిరి.

ఈ దశాబ్దము నుండి మేము గ్రహించినది చెప్పుదుము. ఓరిమియా, కాఠిన్యమా యన్న వాదము చాలవరకు కాలమును గూర్చిన వాదము. మూక ప్రధాని గడపను ముట్టడించిన వేకువను ఒక ఆజ్ఞ చాలియుండెడిది. ఏడుగురు సంతకములు చేసిన దినమున పాలకుడు వారి పక్షమున నిలిచియున్నచో షోయబుల్లా ఖాన్ ఇల్లు చేరియుండెడివాడేమో. ఆ రెండు ఘడియలును జారిపోయిన పిమ్మట మిగిలినది సైన్యము. సైన్యము చేతబట్టినవారు ఎంత మంచివారైనను, దానివెనుక వచ్చు పగను ఆపుట వారికి కష్టమాయెను. నేరమునకు శిక్ష నేరస్థునికే పరిమితము చేయుట గెలిచినవారి మొదటి విధి. ఆ విధి ఆయా జిల్లాలలో సరిగా నెరవేరలేదు.

ద్వేషమును బోధించువారిని ఎదిరించు మాట వారి సమాజములోనుండియే ముందుగా లేచునని కూడ ఈ చరిత్ర చూపుచున్నది. జోషి పదవిని వదలెను, ఏడుగురు తమ పేర్లను బయటపెట్టిరి, ఒక సంపాదకుడు ప్రాణమునిచ్చెను. వారు కోరినది ఆగస్టు 31న రాజాజీ కోరినదే, నిజాము తుదకు అంగీకరించినదే. అధికారమునందున్నవారు తమ నెత్తిమీదకు వచ్చిన దళముతో బేరమాడుటకు కూర్చుండకమునుపు, అట్టి మనుష్యులెక్కడ నున్నారో వెదకి, వారి గడపవద్ద కావలి నుంచుట మేలు.