గుండెలో కుడి, ఎడమ జఠరికలు: ఏది పెద్దది?

మానవ హృదయంలో పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు ఉంటాయి. కుడి జఠరిక రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ జఠరిక శరీరమంతటికీ పంపుతుంది. రెండింటిలో ఎడమదే పెద్దదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. గోడ మందం విషయంలో అది నిజమే. లోపలి ఖాళీ విషయంలో మాత్రం కాదు.

ఆరోగ్యవంతులైన పెద్దలలో ఎడమ జఠరిక గోడ మందం 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండగా, కుడి జఠరిక గోడ 5 మిల్లీమీటర్లు దాటదు. ఈ తేడాకు కారణం పీడనం. శరీరమంతటా రక్తాన్ని నెట్టడానికి ఎడమ జఠరిక దాదాపు 120 మిల్లీమీటర్ల పాదరస పీడనాన్ని కల్పించాలి. పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపడానికి కుడి జఠరికకు 25 చాలు. అయితే రెండూ ప్రతి స్పందనలో పంపే రక్తం సమానమే, సుమారు 70 మిల్లీలీటర్లు. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ పంపుతూ పోతే కొద్దిసేపటికే రక్తం ఒకవైపు పేరుకుపోతుంది.

ఎం.ఆర్.ఐ. కొలతలలో కుడి జఠరిక పరిమాణం ఎడమదానికంటే కొంచెం ఎక్కువగానే కనిపిస్తుంది. అయినా ఎకో పరీక్షలో అది చిన్నదిగా తోస్తుంది. ఎడమ జఠరిక మొన తేలిన గుండ్రని ఆకారంలో ఉంటే, కుడిది నెలవంక వలె దానిని చుట్టుకొని ఉంటుంది. ఎకో చూపేది ఒక కోత మాత్రమే. నాలుగు గదులూ కనిపించే ఆ దృశ్యంలో కుడి జఠరిక వెడల్పు సాధారణంగా ఎడమదానిలో మూడింట రెండు వంతులు. అది ఎడమదానితో సమానమైనా, మించినా వైద్యులు దానిని తేలికగా తీసుకోరు.

ఉన్నట్టుండి ఆయాసం వచ్చిన రోగిలో ఈ మార్పు కనిపిస్తే, ఊపిరితిత్తుల ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడిందన్న అనుమానం బలపడుతుంది. పలుచని కుడి గోడ హఠాత్తుగా పెరిగిన పీడనాన్ని తట్టుకోలేక ఉబ్బుతుంది. మధ్యగోడ ఎడమవైపుకు నెట్టబడుతుంది. పీడనం నెమ్మదిగా, ఏళ్ల తరబడి పెరిగితే కుడి గోడ దళసరి కావడానికి వ్యవధి దొరుకుతుంది. దక్షిణాసియాలో దీనికి పాత కారణాలు రెండు. మొదటిది రుమాటిక్ జ్వరం వల్ల మిట్రల్ కవాటం కుంచించుకుపోవడం. ఇందులో ఎడమ జఠరిక మామూలుగా లేదా చిన్నదిగా ఉండిపోతుంది, భారమంతా వెనుకనున్న కుడి జఠరికపై పడుతుంది. రెండవది దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి. పొగతాగని గ్రామీణ స్త్రీలకు సైతం ఇది రావడంలో కట్టెలు, పిడకల పొయ్యి పొగ పాత్ర పెద్దది. భారతదేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలిగా పేరొందిన డాక్టర్ ఎస్. పద్మావతి ఢిల్లీ రోగులలో ఊపిరితిత్తుల వ్యాధి వల్ల కలిగే ఈ గుండెజబ్బును 1950లలోనే అధ్యయనం చేశారు.

గర్భస్థ శిశువు విషయం వేరు. అప్పటికి ఊపిరితిత్తులు పనిచేయవు. కుడి జఠరిక పంపిన రక్తంలో అధికభాగం ఒక అడ్డదారి నాళం ద్వారా నేరుగా బృహద్ధమనిలో కలుస్తుంది. కాబట్టి రెండు జఠరికలూ దాదాపు ఒకే పీడనంతో పనిచేస్తాయి, ఒకే పరిమాణంలో ఉంటాయి. 18 నుంచి 22 వారాల మధ్య జరిపే స్కానింగులో వాటి మధ్య స్పష్టమైన తేడా కనిపిస్తే, ముఖ్యంగా ఎడమది చిన్నదైతే, బృహద్ధమని ఇరుకు వంటి పుట్టుకతో వచ్చే లోపాల కోసం వివరమైన గర్భస్థ శిశు ఎకో చేయిస్తారు. పుట్టిన తరువాత, తొలి శ్వాసతో ఊపిరితిత్తులలో పీడనం తగ్గడం మొదలవుతుంది. కొన్ని వారాలలో ఎడమ గోడ మందం కుడిదానిని దాటిపోతుంది.