ఖాండవమూ, కువైటు చమురుబావులూ

ఖాండవదహన ఘట్టం పాఠం చెప్పినప్పుడల్లా నాకొక ఇబ్బంది ఎదురయ్యేది. పిల్లలకు అగ్నివర్ణన నచ్చుతుంది. గాండీవమూ, అక్షయతూణీరాలూ ఇంకా నచ్చుతాయి. అడవి తగలబడుతుంటే అందులోని ప్రాణుల గతి ఏమిటని అడిగేవాడు తరగతికి ఒక్కడుంటే ఎక్కువ. వ్యాసుడు మాత్రం ఆ సంగతి మరచిపోలేదు. అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షికూనలు తప్ప తక్కినదంతా కాలిపోయిందని లెక్క చెప్పి, కథనాన్ని అక్కడ నిలిపి, ఆ రెక్కలు రాని కూనల ముందు వాటి తల్లి జరిత పడిన వేదనను తీరిగ్గా చెప్పాడు. ఆ ఉపాఖ్యానం లేకపోతే ఖాండవదహనం బాణసంచాతో సమానమని నా అభిప్రాయం.

ఈ మధ్య కువైటు చమురుబావుల మంటల మీద తీసిన రెండు డాక్యుమెంటరీలను వెంటవెంటనే చూసినప్పుడు ఈ పాత ఇబ్బందే మళ్ళీ ఎదురయింది.

ముందు చరిత్ర. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఓడి వెనుదిరుగుతూ 600కు పైగా బావులకు నిప్పు పెట్టాయి. ఖాండవాన్ని కాల్చడానికి అగ్నిదేవుడికి శ్వేతకి యాగంలో తాగిన నేతివల్ల కలిగిన అజీర్ణమనే సాకైనా ఉంది. ఇక్కడ అక్కసు తప్ప మరొకటి కనిపించదు. రోజుకు నలభై లక్షల పీపాలకు తక్కువ కాకుండా చమురు కాలిపోయిందని అంచనా. పట్టపగలు దీపాలు వేసుకుని వాహనాలు నడిపారు. ఆర్పడానికి ఏళ్ళు పడుతుందని నిపుణులు మొదట భయపెట్టారు. తీరా చూస్తే 1991 నవంబరు 6న చివరి బావి ఆరిపోయింది. తొమ్మిది నెలలు నిండలేదు.

అది ఎలా సాధ్యమయిందన్నది నిజంగా వినదగిన కథ. ఎడారిలో నీళ్ళెక్కడివి? చమురును సముద్రతీరానికి చేర్చే గొట్టాలున్నాయి కదా, వాటిలోనే సముద్రపు నీటిని వెనక్కు పారించి, బావుల పక్కన తవ్విన మడుగుల్లో నింపారు. మంట చుట్టూ గట్టకట్టిన మసిని యంత్రాలతో లాగివేసి, నీటిధారలతో చల్లబరిచి, మంట ఆరాక బావి మూతిలో సన్నని మొనగల గొట్టం దింపి బరువైన బురదను ఎక్కించి నోరు మూయించేవారు. మొండి బావులకు మందుగుండు పేల్చి, ఆ క్షణంలో మంటకు గాలి అందకుండా చేసేవారు. హంగేరీ వారైతే పాత టీ-34 టాంకు మీద రెండు మిగ్-21 విమానాల జెట్ ఇంజిన్లు బిగించి తెచ్చి, నీరు కలిసిన గాలితో దీపం ఊదినట్లు ఊదారు. కాలి కింద పేలని బాంబులు, మందుపాతరలు. ఇదంతా వాటి నడుమనే.

డేవిడ్ డగ్లస్ 1992లో ఐమాక్స్ తెరకోసం తీసిన ‘ఫైర్స్ ఆఫ్ కువైట్’ ఈ పనినంతటినీ చూపిస్తుంది. ఆస్కార్ పోటీలో తుదిజాబితాకు చేరిన చిత్రమిది. ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అరటిపండు ఒలిచిపెట్టినట్లు చెబుతుంది. కవిత్వం తక్కువ. మంచి మాస్టారి పాఠంలా ఉంటుంది. నాకు అది లోపంగా తోచలేదు.

అదే ఏడాది వచ్చిన జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ చిత్రం ‘లెసన్స్ ఆఫ్ డార్క్‌నెస్’ వేరే దారి. గంటకు లోపు నిడివి, అందులో పదమూడు అధ్యాయాలు. పాల్ బెరిఫ్ కెమెరా హెలికాప్టర్‌లో మంటల మీదుగా సాగుతుంటే వెనుక వాగ్నర్, మాలర్ సంగీతం. దర్శకుడు కువైటు పేరు చెప్పడు, ఇరాకు పేరు చెప్పడు. వేరే గ్రహం నుంచి వచ్చినవాడు భూమిని చూస్తున్నట్లు మాట్లాడతాడు. చిత్రం మొదట పాస్కల్ మాటగా కనిపించే వాక్యం కూడా తాను రాసినదేనని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. ఘోరాన్ని అందంగా చూపాడని బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రేక్షకులు ఆయన మీద మండిపడ్డారు.

అందం మీద నాకు తగువు లేదు. తగువంతా ఒక్క ఘట్టంతోనే. చివరి భాగంలో, మంట లేకుండా చమురు చిమ్ముతున్న బావికి పనివారు కావాలని నిప్పంటిస్తారు. వీరికి పిచ్చి పట్టిందా, మంట లేకుండా బతకలేరా, అన్న ధోరణిలో వ్యాఖ్యానం సాగుతుంది. చూసేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. అయితే వాస్తవమేమిటి? ఆరిపోయి చిమ్మే బావి మండే బావికంటె ప్రమాదకరం. వాయువు నేలబారున పరుచుకుని ఎక్కడ నిప్పురవ్వ తగిలితే అక్కడ పేలుతుంది. చమురు మడుగు కట్టి మనుషుల కాళ్ళ కిందికి వస్తుంది. దాన్ని మూసే ఏర్పాటు పూర్తయ్యేదాకా కనబడే మంట, కనబడని విషవాయువు కంటె మేలని మళ్ళీ వెలిగించడం ఈ వృత్తిలో తెలిసిన పద్ధతే.

అలంకారశాస్త్రం చదివినవాడిగా నేను దీన్ని ఉత్ప్రేక్ష అంటాను. కవికి అది హక్కే. యంత్రాలను రాక్షసబల్లులన్నాడు, ఒప్పుకుంటాను. యంత్రాలకు పరువు నష్టం లేదు. ప్రాణాలకు తెగించి పనిచేసేవాడి తెలివిని పిచ్చిగా ఊహించి, ఆ ముఖాన్ని నిజం ముఖంగా తెరమీద చూపితే మాత్రం ఉత్ప్రేక్ష హద్దు దాటి అపవాదు అవుతుంది. ఆ మనిషికి సమాధానం చెప్పుకునే అవకాశమైనా ఇవ్వలేదు.

ఇంత చెప్పాక ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. ఆ చిత్రంలో ఇద్దరు తల్లులున్నారు. కొడుకులను కళ్ళెదుట హింసించి చంపితే మాట పడిపోయిన తల్లి ఒకామె. ఇంక మాట్లాడటం నేర్చుకోనన్న పసివాణ్ణి ఒడిలో పెట్టుకున్న తల్లి మరొకామె. అక్కడ హెర్జోగ్ ఊహలన్నీ కట్టిపెట్టి నిలబడ్డాడు. అది జరిత కథ. పని చూపించడంలో దిట్ట అయిన డగ్లస్ కంటె ఆ కొద్ది నిమిషాల్లో ఈయనే వ్యాసుడికి దగ్గరివాడు.

ఇక మన ఇంటి మంట. 1995 జనవరి 8, ఆదివారం సాయంత్రం, భోగికి ఇంకా వారం కూడా లేదనగా కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న గ్యాస్ బావి ఎగదన్నింది. (వంశీ కథల పసలపూడి వేరు. పొరపడకండి.) ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నిపుణులు రావలసి వచ్చింది. ‘బ్లోఅవుట్’ అన్న మాట తెలుగు పత్రికల్లో ఇంటిమాట అయిపోయింది అప్పుడే. అదే మామిడికుదురు మండలంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా నిద్రలోనూ, నిద్ర లేస్తూనూ కాలిపోయారు. కువైటుకు దొరికిన డగ్లసూ, హెర్జోగూ మనకు దొరకలేదు. పాశర్లపూడి అంటే జనానికి గుర్తున్నది ఆకాశమంత మంట ఒక్కటే. ఇల్లు వదిలి రెండు నెలలు బయట ఉన్న రైతు కొబ్బరితోట ఏమయిందో, తిరిగి వచ్చి ఏమి చూశాడో చెప్పే సినిమా ఉంటే పాఠంలో చేర్చదగినది.

ఇంత దూరపు మంటల గురించి భిక్నూరులో కూర్చుని నేనెందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. కువైటు అంటే కడప వారూ, గోదావరి వారూ ఎక్కువ. మావైపు దుబాయి ఎక్కువ. అయినా నా దగ్గర చదువుకున్న ఒకడు 1990లో కువైటులో ఉన్నాడు. యుద్ధం ముంచుకురాగానే బాగ్దాదు మీదుగా బస్సుల్లో అమ్మాను చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాడు. ఆ ఏడాది 488 విమానాల్లో లక్షా పదివేలకు పైగా మనవాళ్ళు అలా వచ్చారు. మంటలారిన మరుసటి ఏడాది అతడు మళ్ళీ అక్కడికే వెళ్ళాడు. అప్పు అలాంటిది.

ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు. మొన్న మా ఇంటికి వస్తే హెర్జోగ్ చిత్రం చూపించాను. మొదటి అధ్యాయంలో యుద్ధానికి ముందటి నగరాన్ని పైనుంచి చూపిస్తూ, పేరు చెప్పకుండా వ్యాఖ్యానం సాగుతోంది. జర్మన్ యాస ఇంగ్లీషు అతడికి అర్థం కాలేదు, నేనే తెలుగులో చెబుతున్నాను. కాసేపు విని ఆపమన్నాడు.

“గీ ఊరికి పేరు పెట్టలేదేంది సార్? గది కువైటే గద. గా రోడ్డు మీదికెళ్లే నేను డ్యూటీకి పోయేటోన్ని.”

వేలితో తెర మీద చూపించాడు. ఆ తరువాత మంటలు వచ్చినప్పుడు ఏమీ అనలేదు. తల్లి ఒడిలోని పసివాడు కనిపించినప్పుడు మాత్రం, వాడికిప్పుడు ఎన్నేళ్ళుంటాయని అడిగాడు. ముప్పై దాటి ఉంటాయన్నాను.