లెదర్ జాకెట్ కొనేముందు ఈ కథ వినండి

ఈ ఎపిసోడ్‌లో లెదర్ జాకెట్ గురించి మాట్లాడుకుందాం. ముందు నా సంగతి చెప్తా. మొదటి జీతంతో ఒక జాకెట్ కొన్నాను. లోపల లేబుల్ మీద 'జెన్యూన్ లెదర్' అని మెరిసే అక్షరాలు. రెండు వానాకాలాలు గడిచేసరికి భుజాల దగ్గర పొట్టు పొట్టుగా రాలిపోయింది. మరి అది నిజమైన తోలు కాదా? అంటే, తోలు ఉంది. కానీ ఎంత, ఎలాంటిది? అక్కడే ఉంది అసలు కథ.

జాకెట్ ఫ్యాషన్‌గా పుట్టలేదు, అవసరంగా పుట్టింది. 1928లో న్యూయార్క్‌కి చెందిన షాట్ బ్రదర్స్ కంపెనీ బైక్ నడిపేవాళ్ళ కోసం 'పర్‌ఫెక్టో' తయారుచేసింది. ధర ఐదున్నర డాలర్లు. ఐర్వింగ్ షాట్‌కి ఇష్టమైన చుట్ట పేరే దానికి పెట్టారు. జిప్ ఎందుకు పక్కకి వాలి ఉంటుందో గమనించారా? బైక్ మీద ముందుకి వంగినప్పుడు గుచ్చుకోకుండా, గాలి లోపలికి రాకుండా. 1931లో అమెరికా సైన్యం పైలట్లకి 'ఏ-2' జాకెట్ ఇచ్చింది. అది ఎక్కువగా గుర్రం తోలుతో చేసేవాళ్ళు. 1953లో 'ది వైల్డ్ వన్' సినిమాలో మార్లన్ బ్రాండో వేసుకున్నాక, కుర్రాళ్ళందరికీ అదే కావాల్సొచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు తెలుసు కదా? ఆ చెట్టు చెక్కతోనే దక్షిణాదిలో తరతరాలుగా తోళ్ళు పదును చేశారు. అలా పదును చేసిన తోళ్ళు మద్రాసు నుంచి ఓడెక్కి లండన్ దాకా వెళ్ళేవి. తోలు నానబెట్టే తొట్టిని లంద అంటారు. ఆ లందలో వారాల తరబడి చేతులు ముంచి పనిచేసింది మాదిగలు. వాళ్ళు చేసిన చెప్పులు, మోట బొక్కెనలు ఊరికి కావాలి, వాళ్ళు మాత్రం ఊరి బయటే ఉండాలి! ఈ మాట చెప్పకుండా తోలు చరిత్ర చెప్తే అది సగం చరిత్రే.

1884లో అగస్టస్ షుల్ట్జ్ క్రోమ్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక వారాల పని రోజుల్లోకి వచ్చింది. తోలు మెత్తగా, చవగ్గా దొరకడం మొదలైంది. దాంతోపాటు ఆ నీళ్ళు శుద్ధి చేయకుండా వదిలితే చెరువులు, బావులు పాడయ్యే సమస్యా వచ్చింది.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? తోలు పై పొరని గీకకుండా ఉంచితే 'ఫుల్ గ్రెయిన్'. అదే గట్టిది. కొంచెం గీకి నునుపు చేస్తే 'టాప్ గ్రెయిన్'. కింది పొర చీల్చి తీసి, పైన ప్లాస్టిక్ పూత వేసినా 'జెన్యూన్' అని అమ్మేస్తారు. తోలు ముక్కలు పొడిచేసి జిగురుతో అతికిస్తే 'బాండెడ్'. పొట్టు రాలేవి ఎక్కువగా ఈ చివరి రెండు రకాలే.

దగ్గరగా చూడండి. రంధ్రాలు, ముడతలు అచ్చు వేసినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి. వేలితో నొక్కితే సన్నటి ముడతలు పడాలి. కుట్టు దగ్గర అంచు కనిపిస్తే అందులో పీచు ఉండాలి, గుడ్డ కాదు. గొర్రె తోలు మెత్తన, కానీ తొందరగా చిరుగుతుంది. మేక తోలు తేలికైనా గట్టిది. బైక్ కోసమైతే మందం 1.2 మిల్లీమీటర్ల పైనే ఉండేలా చూసుకోండి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీదే పడాలి, ఎందుకంటే తోలు జాకెట్‌ని తర్వాత సరిచేయడం కష్టం, ఖర్చు కూడా.

ఈసారి షాపులో లేబుల్ చదివి ఆగిపోకండి. తిప్పి చూడండి, వాసన చూడండి, అడగండి. మంచి తోలు ఇరవై ఏళ్ళు మీతో ఉంటుంది. దాని వెనకున్న చేతుల్ని కూడా గుర్తుపెట్టుకోండి. మీ జాకెట్ కథ ఏంటో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.