ఆమె ఆడితే నేరం

చిన్నప్పుడు మా ఇంట్లో "భోగంమేళం" అనే మాటని తిట్టుగానే విన్నాను. ఆడపిల్ల కాస్త ముస్తాబైతే చాలు, ఆ మాట పడేది. అది కొందరు స్త్రీల వృత్తి పేరనీ, దాని వెనక ఏళ్ల తరబడి సాధన ఉందనీ తెలియడానికి చాలాకాలం పట్టింది.

గోదావరి జిల్లాల్లో కలావంతుల మేళాలు ఉండేవి. మేళం నడిపేది స్త్రీ. క్షేత్రయ్య పదాలు, జావళీలు వాళ్లకి కంఠతా వచ్చు. పెళ్లిళ్లలో, పెద్దల ఇళ్లలో మేజువాణీలు చేసేవారు. భామాకలాపం ఆడేవారు. మిగతా ఆడవాళ్లకి అక్షరం అందని రోజుల్లో వీళ్లు చదువుకున్నారు, సంపాదించుకున్నారు. ఇదంతా స్వర్గమని నేననను. పోషకుడి దయమీద గడిచే బతుకు అది. ఊహ తెలియని పిల్లకి గజ్జెకట్టే ముందు ఎవరూ ఆమె ఇష్టం అడగలేదు. ఆ కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం సంస్కరణ వైపు నిలబడడానికి కారణాలున్నాయి.

దేవదాసీ వ్యవస్థ రద్దు కావాలని 1927లో ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టారు. ఆమె తల్లి కూడా ఆ కుటుంబాల నుంచి వచ్చినావిడే. బెంగుళూరు నాగరత్నమ్మ, మరికొందరు కళాకారిణులు దాన్ని వ్యతిరేకించారు. అందర్నీ కలిపి వేశ్యలనడమేమిటన్నది వాళ్ల అభ్యంతరం. ముద్దుపళని "రాధికాసాంత్వనము"ని 1910లో సంపూర్ణంగా అచ్చువేయించి, అశ్లీలమన్న నిందలు మోసిన మనిషి నాగరత్నమ్మ. ఆ భాష ఎక్కడికి దారితీస్తుందో ఆమెకి బాగానే తెలుసు.

చివరికి 1947లో మద్రాసు చట్టం వచ్చింది. పిల్లల్ని దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధించింది. మంచిదే. కానీ అక్కడితో ఆగలేదు. గుడి ఆవరణలో గానీ, దేవుడి ఊరేగింపులో గానీ "స్త్రీ" నాట్యం చేయడమే చట్టవిరుద్ధమంది. ఆరునెలల వరకు జైలు. 1956లో ఆంధ్ర రాష్ట్రంలో దాన్ని సవరించి పెళ్లిళ్లలో, ఇళ్లలో ఆటనీ ఆపారు. దేవుడికీ పెళ్లికీ సంబంధం ఏమిటి? లేదు. మూసేసింది వాళ్ల సంపాదన దారిని.

సరిగ్గా ఈ ఏళ్లలోనే కూచిపూడి జాతీయ వేదికలకెక్కుతోంది. సత్యభామగా ప్రసిద్ధుడైన వేదాంతం సత్యనారాయణశర్మకి 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన గొప్ప నటుడు, అందులో నాకు సందేహం లేదు. కానీ అదే సత్యభామని కలావంతుల స్త్రీ ఆడితే పోలీసు కేసు. పురుషుడు స్త్రీ వేషం కడితే శాస్త్రీయం, స్త్రీ స్త్రీగా ఆడితే నేరం! పైతరగతుల అమ్మాయిలు నాట్యం నేర్చుకోవడం ఆ తర్వాత గౌరవమైంది. వాళ్లకి అందిన పదాల్లో శృంగారం పలచబడింది.

1970లో నటరాజ రామకృష్ణ కొందరు వృద్ధ కళాకారిణుల్ని హైదరాబాదుకి పిలిచి అభినయ సదస్సు జరిపారు. అందులోంచి ఆంధ్రనాట్యం పుట్టింది. వాళ్లు నేర్పారు, వేరేవాళ్లు వేదికెక్కారు.

దవేశ్ సోనేజీ 2012లో ప్రచురించిన పుస్తకంలో గోదావరి ప్రాంతపు కలావంతుల స్త్రీలు కనిపిస్తారు. చూసేవాళ్లెవరూ లేకుండా, ఇంట్లో తలుపులు వేసుకుని, మరిచిపోకుండా ఉండడానికి ఆ పాటలు పాడుకుంటూ, అభినయిస్తూ.